ఆ అధ్యక్షులను బిట్లకు కుదించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఈమధ్య ప్రపంచ చరిత్ర బిట్లు వేశారు. వాటిలో కొన్ని అమెరికా అధ్యక్షుల మీద. గుత్త సంస్థలను విరగ్గొట్టిన అధ్యక్షుడు ఎవరు? థియోడర్ రూజ్‌వెల్ట్. ఫెడరల్ రిజర్వ్ చట్టం మీద 1913లో సంతకం పెట్టింది ఎవరు? ఉడ్రో విల్సన్. మా పదో తరగతి పిల్లలు ఆ పేజీ కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకున్నారు. నేను ఆదోని డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్తాను. ఆ బిట్ల వెనక ఉన్న చరిత్ర మా పిల్లల బతుకులకు ఎంత దగ్గరగా ఉందో తరగతిలో చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పాఠ్యపుస్తకంలో పారిశ్రామికీకరణ పాఠం ఉంది. మిల్లులు, ఆవిరియంత్రాలు, కూలీల కష్టాలు అన్నీ చెప్తాం. పాఠం అయ్యాక పిల్లలు అడిగే ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకదు. "మరి గవర్నమెంటు ఏం చేసింది మేడం?" 1901 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో నడిచిన ప్రగతిశీల యుగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ కాలంలో వరసగా అధ్యక్షులైన రూజ్‌వెల్ట్, టాఫ్ట్, విల్సన్ ముగ్గురూ ఒకే పార్టీ వాళ్ళు కారు, 1912 నాటికి ఒకరంటే ఒకరికి పడేదీ కాదు. 1912 ఎన్నికల్లో ముగ్గురూ ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. అయినా పెద్ద కంపెనీలకు కళ్ళెం వేయాలా వద్దా అన్నది ఆ ఎన్నికల్లో చర్చ కాలేదు, ఎలా వేయాలన్నదే చర్చ అయింది. సిలబస్ పూర్తి కాలేదన్న టెన్షన్ ఎంత ఉన్నా శనివారాలు కొంత సమయం దీనికి కేటాయిస్తున్నాను.

ముందుగా అధ్యక్ష పదవి అంటే ఏమిటో చెప్పాలి. పక్క జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారని మా పిల్లలకు తెలుసు. "మరి ఆయన ఏ కంపెనీ మీదా కేసు ఎందుకు వేయలేదు?" అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకుంటారు. అమెరికాలో ప్రభుత్వాన్ని నడిపేది అధ్యక్షుడే. ఒక విధంగా మన ముఖ్యమంత్రికి దగ్గర. కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడిందని గుర్తు చేస్తే, కుర్చీలో కూర్చున్న మనిషి ఏం చేయగలడో వెంటనే పట్టుకుంటారు. అయితే అమెరికాలో చట్టం చేయాల్సింది కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు. చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేయొచ్చు. ఈ మూడింటి మధ్య గుంజులాటే ఆ కాలపు అసలు కథ. బిట్టులో రానిదీ అదే.

1902లో పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో సమ్మె జరిగింది. లక్షకు పైగా కార్మికులు మే నుంచి అక్టోబరు దాకా పని ఆపేశారు. కూలి 20 శాతం పెంచాలి, రోజుకు 8 గంటలే పని ఉండాలి, మా సంఘాన్ని గుర్తించాలి అన్నారు. చలికాలం ముంచుకొస్తోంది, ఇళ్ళలో మంట వేసుకోవడానికి బొగ్గు లేదు. అంతకు 8 ఏళ్ళ ముందు 1894లో రైల్వే కార్మికులు సమ్మె చేస్తే క్లీవ్‌లాండ్ అనే అధ్యక్షుడు సైన్యాన్ని వాళ్ళ మీదికి పంపాడు. రూజ్‌వెల్ట్ రెండు పక్షాలనూ పిలిచి కూర్చోబెట్టాడు. గుర్రబ్బండి ప్రమాదంలో కాలికి దెబ్బ తగిలి అప్పుడాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. గనుల యజమానులు కార్మిక నాయకుడు జాన్ మిచెల్‌తో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. సైన్యాన్ని దించి గనులు ప్రభుత్వమే నడుపుతుందని రూజ్‌వెల్ట్ బెదిరించాకగానీ దిగిరాలేదు. విచారణ సంఘానికి ఒప్పుకున్నారు, కానీ అందులో కార్మికుల మనిషి ఉండకూడదన్నారు. సామాజికవేత్త ఒకరు ఉండొచ్చని వాళ్ళే అన్న చోట, రైల్వే కండక్టర్ల సంఘం నాయకుణ్ణి తెచ్చి ఆయనే సామాజికవేత్త అన్నాడు రూజ్‌వెల్ట్. యజమానులు ఒప్పేసుకున్నారు!

ఈ సమ్మెను మేం తరగతిలో ఆడతాం. కొందరు యజమానులు, కొందరు కార్మికులు, ఒకరు అధ్యక్షుడు. పిల్లలు తేల్చింది తేల్చాక అసలు తీర్పు చెప్తాను: కూలి 10 శాతం పెరిగింది, పని 9 గంటలకు తగ్గింది, సంఘానికి గుర్తింపు రాలేదు. మగపిల్లలు చాలామంది కార్మికులే గెలిచారన్నారు. ఆదోని జిన్నింగు మిల్లులో హమాలీ పని చేసే ఆయన కూతురు ఒప్పుకోలేదు. "రేపు మళ్ళీ రేటు తగ్గిస్తే పోయి మాట్లాడేది ఎవరు మేడం? సంఘం లేకపోతే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడతారు" అంది. సంఘాలకు చట్టం అండ దొరకడానికి అమెరికాలో 1935 దాకా పట్టింది. ఆ అమ్మాయికి అది ఇంట్లోనే తెలుసు.

గుత్త సంస్థల బిట్టు సంగతి కూడా చెప్పాలి. 1890లోనే గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా షెర్మన్ చట్టం వచ్చింది. దాన్ని పెద్ద రైల్వే కంపెనీ మీద ప్రయోగించి 1904లో సుప్రీంకోర్టులో గెలిచిన ఘనత రూజ్‌వెల్ట్‌దే. కానీ 4 ఏళ్ళే పదవిలో ఉన్న టాఫ్ట్ ఆయనకంటే ఎక్కువ కేసులు వేశాడు. స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ మీద కేసు మొదలైంది రూజ్‌వెల్ట్ హయాంలో, 1911లో కోర్టు దాన్ని 34 కంపెనీలుగా విడగొట్టింది టాఫ్ట్ హయాంలో. వీళ్ళిద్దరికంటే ముందు చెప్పాల్సిన పేరు ఐడా టార్బెల్. చమురు వ్యాపారంలో ఆమె తండ్రి లాంటి చిన్నవాళ్ళను ఈ రాక్‌ఫెల్లర్ కంపెనీ ఎలా తొక్కేసిందో, రైల్వేలతో లోపాయికారీగా ఏ రేట్లు మాట్లాడుకుందో కోర్టు కాగితాలు వెతికి 1902 నుంచి ఒక పత్రికలో ధారావాహికగా రాసింది. ఒక విలేకరి చేసిన పని మీ పత్రిక పేజీలోనే లేకపోవడం నన్ను బాధపెట్టింది.

తిండి విషయం పిల్లలకు తొందరగా ఎక్కుతుంది. ఆ రోజుల్లో అమెరికాలో పాలు విరగకుండా ఫార్మాలిన్ కలిపేవాళ్ళు, మాంసానికి బోరాక్స్ పట్టించేవాళ్ళు. వ్యవసాయ శాఖ రసాయనవేత్త హార్వే వైలీ 1902లో ఆరోగ్యంగా ఉన్న యువకులను పిలిచి, వాళ్ళు ఇష్టపడి ఒప్పుకున్నాకే, ఆ రసాయనాలు కలిపిన భోజనం పెట్టి ఒంట్లో ఏమవుతుందో రాసుకున్నాడు. 1906లో చికాగో కబేళాల మీద అప్టన్ సింక్లెయిర్ నవల వచ్చి దేశమంతా అట్టుడికింది. రూజ్‌వెల్ట్ నవలను నమ్మి ఊరుకోలేదు. తన తరఫున ఇద్దరిని చికాగో పంపి కళ్ళారా చూసి రమ్మన్నాడు. వాళ్ళ నివేదికను చేతిలో పెట్టుకుని కాంగ్రెస్ మీద ఒత్తిడి తెచ్చాడు. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహారం-మందుల చట్టం రెండింటి మీదా సంతకం పెట్టాడు. తనిఖీ ఖర్చు కంపెనీలే భరించాలన్న మాట చివరికి నిలవలేదు, ప్రభుత్వం మీద పడింది. డబ్బాల మీద తేదీ వేయాలన్న షరతూ పోయింది. ఏ చట్టంలోనైనా ఎవరికి ఏం పోయింది, ఏం మిగిలింది అని చూడటం పిల్లలకు ఇక్కడే నేర్పాలి. ఆ పాఠం రోజున ఇంటి నుంచి బిస్కెట్, కారప్పొడి ప్యాకెట్ల కవర్లు తెమ్మంటాను. వాటి మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఎక్కడుందో వెతికిస్తాను. మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది, సరిగ్గా వందేళ్ళకు. పోయినసారి నంబరు లేని కవర్లు కూడా వచ్చాయి. వాటిని అమ్మే అంగళ్ళ ముందు నుంచే పిల్లలు రోజూ బడికి వస్తారు.

ఇక నేను ఎక్కువ సేపు ఆగేది బాలకార్మికుల దగ్గర. మా వైపు ఊళ్ళలో దసరా, దీపావళి దాటితే సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్లు పడతాయి. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లలను పెట్టడం ఈ జిల్లా ఏళ్ళ తరబడి చూసింది. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున్నే పుప్పొడి రాయడం. చిన్న వేళ్ళు కావాలని అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. అందుకే అమెరికాలోని నార్త్ కరోలినా పత్తి మిల్లుల పిల్లల గురించి చెప్పడం మొదలుపెడితే తరగతిలో గుసగుసలు ఆగిపోతాయి.

1908 నుంచి లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ మిల్లులు, గనులు తిరిగి పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. ఎదురుగా మనిషెత్తు కదురుల వరస, పక్కన చెప్పుల్లేని పిల్ల. ఆ ఫొటోలు తరగతిలో చూపిస్తే చాలు, వర్ణించే పని లేదు. ఇలాంటి చట్టం చేసే అధికారం కేంద్రానికి లేదని విల్సన్ చాలాకాలం వెనకాడాడు. 1916లో, ఎన్నికల ముందు, తానే సెనేట్ దగ్గరికి వెళ్ళి పట్టుబట్టాడు. 14 ఏళ్ళలోపు పిల్లలతో చేయించిన ఫ్యాక్టరీ సరుకు రాష్ట్రం దాటకూడదని చట్టం వచ్చింది. దాని మీద కోర్టుకు వెళ్ళిన మనిషి పేరు రోలండ్ డాగెన్‌హార్ట్. మిల్లులో కూలి. ఇద్దరు కొడుకులూ అదే మిల్లులో పని. వాళ్ళ సంపాదన మీద హక్కు తనదని ఆయన వాదన. కేసు నడిపించింది, లాయర్లను పెట్టింది మాత్రం మిల్లు యజమానుల సంఘం. 1918లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది.

"వాళ్ళ నాయనే కేసు వేసినాడా మేడం?" అని అడిగారు. ఆ తర్వాత జరిగిన చర్చ నేను నడిపింది కాదు. నాయనకు కూలి చాలక వేసుంటాడని ఒకరు, యజమానులు వాడుకున్నారని ఒకరు. "మా నాయన కూడా నన్ను తీసుకపోతాడు, ఇంట్లో వదిలిపెడితే అన్నం ఎవరు పెడతారు?" అని వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి. చట్టం ఒక్కటే ఎందుకు చాలలేదో, ఊళ్ళో హాస్టలు, తండ్రి కూలి, బడి దూరం దానితో ఎలా ముడిపడ్డాయో వాళ్ళే మాట్లాడుకున్నారు. ఆ కొడుకుల్లో ఒకడైన రూబెన్ పెద్దయ్యాక ఒక విలేకరి వెళ్ళి అడిగితే, గెలిచిన కేసు వల్ల తనకు ఒరిగిందేమీ లేదని, చదువు పోయిందని చెప్పాడు. అది చెప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కోర్టులో నిలబడ్డ అలాంటి చట్టం 1938లో వచ్చింది, 1941లో కోర్టు తన పాత తీర్పును తానే రద్దు చేసింది. 14 ఏళ్ళలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదని మన రాజ్యాంగం 24వ అధికరణంలో మొదటి నుంచే ఉంది. మనది ముందే రాసుకున్న హామీ, వాళ్ళది కొట్లాడి ఆలస్యంగా తెచ్చుకున్నది. రెంటిలో ఏది ఎంత అమలైందన్నది పిల్లలు అడగాల్సిన ప్రశ్న, అడుగుతున్నారు కూడా.

ఈ అధ్యక్షులను దేవుళ్ళుగా చెప్పకూడదు. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్ళో కాల్పులు జరిగితే, ఆ నింద మోపి 167 మంది నల్లజాతి సైనికులను విచారణ లేకుండానే రూజ్‌వెల్ట్ ఉద్యోగం నుంచి తీసేశాడు. ఆ తప్పును సైన్యం 1972లోగానీ దిద్దుకోలేదు. విల్సన్ హయాంలో కేంద్ర కార్యాలయాల్లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టారు. 1914లో ట్రాటర్ అనే నల్లజాతి పత్రికా సంపాదకుడు వెళ్ళి నిలదీస్తే విల్సన్ కోప్పడి పంపించేశాడు. పిల్లల పని మీద చట్టం తెచ్చిన చేతులే ఇదీ చేశాయి. రెండు గ్లాసుల పద్ధతి గురించి తాతల నోట విన్న పిల్లలు మా తరగతిలో ఉన్నారు. వాళ్ళ దగ్గర ఈ సగం దాచి ఆ సగం చెప్పే హక్కు నాకు లేదు.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళు పారిశ్రామికీకరణ పాఠం చివర ఈ కాలానికి నాలుగు పేజీలు ఇవ్వాలని నా కోరిక. అది ఎప్పటికి జరుగుతుందో మన చేతిలో లేదు. మీ విద్యార్థుల పేజీ మీ చేతిలో ఉంది. పోటీ పరీక్షలకు బిట్లు కావాలి, కాదనను. వాటి పైన ఒక సంఘటనను పూర్తిగా, ఎవరు అడిగారు, ఎవరు అడ్డుపడ్డారు, చివరికి ఎవరికి ఏం దక్కింది అని పిల్లలు చదువుకునే తెలుగులో వేయండి. మొదట డాగెన్‌హార్ట్ కేసు వేయండి, వీలైతే హైన్ తీసిన ఒక ఫొటోతో. దసరా లోపల వేస్తే సుగ్గికి పోయే పిల్లలు కూడా బయల్దేరేముందు చదువుకుంటారు.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా