2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారములు.

సంక్రాంతి, ఉగాది వేడుకలు యథావిధిగా జరిగాయి. వాటిని మీరందరూ చూసినవారే కనుక, సంఘానికి ఈ ఏడు నిజంగా పేరు తెచ్చిన జూ యాత్ర గురించే విపులంగా నివేదిస్తున్నాను.

అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా మన పిల్లలను ఢిల్లీలోని పురానా ఖిలా పక్కనున్న జాతీయ జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాము. తెల్లపులిని చూడాలని బయలుదేరిన పిల్లలు ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం చెరువు గట్టున, ఎర్రకాళ్ల కొంగల గూళ్ల ఎదుట. 1959లో జూ ప్రారంభమైన మరుసటి ఏడు నుంచే ఈ కొంగలు ఎవరూ పట్టి తేకుండా, వర్షాకాలంలో తమంతట తామే వచ్చి, అక్కడి చెట్లపై పిల్లలను పెంచుకొని వెళుతున్నాయి. ఇవే కొంగలు గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గూళ్లు కడతాయని చెప్పగానే, సెలవులకు అక్కడికే వెళదామని పిల్లలు పట్టుబట్టారు.

సంగై జింకల వద్ద మరో పాఠం జరిగింది. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు ప్రాంతంలో తప్ప మరెక్కడా సహజంగా జీవించని ఈ జాతి 1975 లెక్కింపులో 14కు పడిపోయిందనీ, అడవిలో ఆపద వాటిల్లినా వంశం అంతరించకుండా జూలలో సంతతిని పెంచుతారనీ మన సభ్యులైన జంతుశాస్త్ర అధ్యాపకులు చక్కగా వివరించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షను ప్రకారం జూలో జంతువులను కవ్వించడం, వాటికి తిండి పెట్టడం నిషిద్ధమని ముద్రించిన కరపత్రాన్ని పిల్లలు శ్రద్ధగా చదివారు. పల్లీల పొట్లాలతో వచ్చిన పెద్దలకే పదేపదే చెప్పవలసి వచ్చింది.

అధ్యాపకులకు, కరపత్రాలు ఉచితంగా అచ్చువేయించిన సభ్యునికి, పులిహోర పంపిన మహిళా విభాగానికి, తెల్లవారకముందే బస్సు సిద్ధం చేసిన డ్రైవరుకు కృతజ్ఞతలు. పేర్లు ఇచ్చి, ఆ ఉదయం ఫోను కూడా ఎత్తని స్వచ్ఛంద కార్యకర్తల గురించి ఎక్కువ రాయను. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం పిల్లలను ఎండలో నిలబెట్టడం మాత్రం ఇకపై వద్దని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చుల పట్టిక చివరి పుటలో ఉంది. ఆడిటరు గారు సరిచూశారు. బస్సు కిరాయే పెద్ద ఖర్చు.

ఎర్రకాళ్ల కొంగలు బర్డ్ ఫ్లూతో మరణించడంతో జూను 2025 ఆగస్టు 30 నుంచి మూసివేశారు. అందువల్ల ఈ ఏటి యాత్ర తేదీని ఇప్పుడే ప్రకటించలేకపోతున్నాము. రాదలచినవారు, తప్పక రాగలిగితేనే, సమావేశం ముగిసేలోగా పేర్లు నమోదు చేసుకోగలరు.

కార్యదర్శి
సెప్టెంబరు 2025, ఢిల్లీ