బీఎడ్ ట్రెయినీకి ఒక సెక్షన్, ఒక యూనిట్ అప్పగించండి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంట్లం కొందరం, బీఎడ్ కాలేజీల్లో ఇంగ్లిష్ మెథడాలజీ (బోధనా పద్ధతులు) చెప్పే లెక్చరర్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అడిగేది ఒక్కటే. బీఎడ్ రెండో ఏడాదిలో బడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఇంగ్లిష్ ట్రెయినీకి ఒక సెక్షన్‌లో వాచకంలోని ఒక యూనిట్‌ను, అంటే కథ, పద్యం, గ్రామర్, ఎడిటింగ్ అన్నీ, మొదటి బొమ్మ నుంచి చివరి ప్రాజెక్టు దాకా అప్పగించాలి. ఇప్పుడలా జరగడం లేదు. ఎందుకు జరగడం లేదో, ఏయే ఉత్తర్వులు మారితే జరుగుతుందో తమ దృష్టికి తెస్తున్నాం.

ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల కోర్సయింది. అందులో 20 వారాలు బడికి కేటాయించారు. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలన్నారు. నిబంధన మంచిదే. ఏడాది బీఎడ్ రోజుల్లో ట్రెయినీ బడికి చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడు. 16 వారాలంటే కాపురమే. ఆ కాపురం ఎలా సాగుతోందన్నదే అసలు సమస్య.

మొదట తేదీల గొడవ. బడులు జూన్ 12న తెరుస్తాం. ట్రెయినీలు ఎప్పుడొస్తారో ముందుగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఎడ్‌సెట్ (బీఎడ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ సాగదీతతో మొదటి సెమిస్టర్ ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం రెండేళ్లూ వెంటాడుతుంది. చివరికి ఇంటర్న్‌షిప్ దసరాకు ముందో, ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్షల నడుమనో, పదో తరగతికి ప్రత్యేక తరగతులు నడిచే రోజుల్లోనో పడుతుంది. వారానికి ఆరు రోజుల లెక్కన 16 వారాలంటే 96 రోజులు. సెలవులు, పరీక్షలు, రివిజన్ పోగా కొత్త పాఠం చెప్పే రోజులు అందులో సగమైనా దక్కవు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాక పదో తరగతిని ఏ హెచ్‌ఎమ్మూ ట్రెయినీ చేతిలో పెట్టరు, పెట్టకూడదు కూడా.

అదే జూన్ 12 నుంచి లెక్కేస్తే 16 వారాలు అక్టోబర్ 1తో పూర్తవుతాయి. దసరా సెలవులు దానికి కాస్త అటూ ఇటూగా వస్తాయి. ఆ వ్యవధిలో ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2 (చదువు సాగుతుండగా జరిపే మూల్యాంకనాలు) రెండూ ట్రెయినీ కళ్లముందే జరుగుతాయి. ఒక్కో ఎఫ్‌ఏలో పఠన స్పందన, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్, ఒక్కోదానికి 5 చొప్పున 20 మార్కులు. మొదటి ఎఫ్‌ఏలో తప్పు రాసిన పిల్ల రెండో ఎఫ్‌ఏలో ఏం రాసిందో చూడటమే మూల్యాంకనంలో అసలు పాఠం. ఇప్పుడు మా ట్రెయినీల్లో చాలామంది ఈ రెండింటిలో ఒక్కటే చూసి వెళ్తున్నారు. ఆగస్టు లోపు కౌన్సెలింగ్ ముగించి, మే నాటికి రెండు సెమిస్టర్లు పూర్తిచేస్తే జూన్‌లో ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టవచ్చు.

రెండోది కేటాయింపు. 6 నుంచి 10 దాకా ఒక్కో సెక్షన్ ఉన్న బడిలో ఇంగ్లిష్ టీచర్ ఒక్కరే ఉంటారు. రోజుకో పీరియడ్ చొప్పున వారానికి 30 పీరియడ్లు ఆమెవే. అలాంటి బడికి కాలేజీ నలుగురైదుగురు ఇంగ్లిష్ ట్రెయినీలను పంపిస్తుంది. పదిని పక్కన పెడితే మిగిలిన నాలుగు తరగతులను వాళ్లు పంచుకోవాలి. ఒకరు కథ చెప్తారు, ఇంకొకరు అదే యూనిట్‌లో పద్యం, మరొకరు అక్కడి గ్రామర్ ముక్క. రికార్డులో పాఠాల లెక్క నిండాలి కదా! ఎడిటింగ్, లిజనింగ్, స్టడీ స్కిల్స్, ప్రాజెక్టు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఛార్టు అంటించి చూపడానికి అవి పనికిరావు. వాళ్లు వెళ్లిపోయాక ఆ టీచర్ యూనిట్ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి.

యూనిట్ ముక్కలైతే ఏమవుతుందో తరగతి లోపల చూస్తే తెలుస్తుంది. మౌనపఠనం సంగతే తీసుకోండి. ట్రెయినీ పుస్తకాలు తెరవమని చెప్పి, పేజీ నంబరు బోర్డు మీద వేసి, చదవమంటారు. రెండు నిమిషాలకు వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. నిశ్శబ్దం చెదిరితే తరగతి చెయ్యి దాటిపోయిందని ట్రెయినీ కంగారు. దాంతో పుస్తకం అందుకుని తానే బిగ్గరగా చదువుతూ, వాక్యానికో ‘అంటే’ తగిలించి తెలుగులో చెప్పేస్తారు. “అండర్‌స్టాండ్?” “యస్ సార్!” గది అంతా ఒకే గొంతు. 45 నిమిషాలు గడిచిపోయాయి, పిల్లలు సొంతంగా చదివింది ఒక్క వాక్యం లేదు.

లోపం ఎక్కడంటే, చదవడానికి ముందు ప్రశ్న ఇవ్వలేదు. 12, 15 పంక్తుల ముక్క ఒక్కటి తీసుకుని, ‘ఆ ముసలాయన ఎందుకు తిరిగి వచ్చాడు?’ లాంటి ప్రశ్న ఒకటి బోర్డు మీద రాయాలి. నాలుగు నిమిషాల సమయం ఇవ్వాలి. తెలియని మాట కింద పెన్సిల్ గీత గీయమనాలి. తర్వాత పక్కవాళ్లతో సరిచూసుకోవడం, పుస్తకం వెనక పదకోశం చూడటం, ఆ పైనే టీచర్ నోరు విప్పడం. గుంపులు చేయాలంటే బెంచీలు జరపొద్దు. అక్కడే ఆరేడు నిమిషాలు కొట్టుకుపోతాయి. ఒక బెంచీ విడిచి ఒక బెంచీ వాళ్లను వెనక్కి తిరిగి కూర్చోమంటే అర నిమిషంలో ఆరుగురి గుంపు తయారు. ఇవన్నీ కాలేజీలో మైక్రో టీచింగ్‌లో నేర్పొచ్చు కదా అనిపించవచ్చు. మైక్రో టీచింగ్ అంటే 6 నిమిషాల బోధన, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాల మార్పులు, మళ్లీ 6 నిమిషాల బోధన, మళ్లీ 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్. మొత్తం 36 నిమిషాలు, ఎదురుగా కూర్చునేది తోటి ట్రెయినీలు. వాళ్లకు ఆ పేరా అర్థం కాకపోవడమనేదే ఉండదు. వెనక బెంచీ గుసగుస అక్కడ వినపడదు.

ఇక గ్రామర్. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్న మాటను తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్‌లో ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తారు. ట్రెయినీ ఛార్టు తెస్తారు. విల్ ఉంటే వుడ్, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే అని రంగు రంగుల పట్టిక. పిల్లలు అభ్యాసంలో పదికి పది తెచ్చుకుంటారు. నాలుగో రోజు సొంతంగా కథ రాయమంటే మళ్లీ ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’. ఆ ‘ఐ’ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చూపలేదు మరి. వస్తానని అన్న మాటలో ‘వస్తాను’ దాక్కుని ఉంది. వస్తాను అనేది ‘నేను’ అనే మనిషి మాట. ‘వస్తానని చెప్పాడు’, ‘వస్తాడని చెప్పాడు’ అని రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, వచ్చేది ఎవరని అడిగితే ఆరో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా చెప్తారు. ఈ తేడా తెలుగులో ఉన్నంత తేటగా ఇంగ్లిష్‌లో లేదు, అక్కడ రెండింటికీ ‘హి’ ఒక్కటే దిక్కు. మూడు నిమిషాల పని ఇది. ‘నిన్న వచ్చిన అబ్బాయి’కీ ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’కీ మధ్య మాటల వరస తిరగబడటం కూడా ఇలాంటిదే.

2022-23లో 1 నుంచి 8 దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక కొన్ని కాలేజీలు ఇంగ్లిష్ తరగతిలో తెలుగు మాటే వినపడకూడదని ట్రెయినీలకు చెప్పి పంపుతున్నాయి. మా అభిప్రాయం వేరు. వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పడం దండగ. ఇలాంటి చోట తెలుగు చెప్పకపోవడం అంతకన్నా దండగ. ఎక్కడ చెప్పాలో ఎక్కడ మానాలో తెలియాలంటే ఒకే పిల్లల రాతలు వారాల తరబడి చూడాలి.

ఎడిటింగ్‌కైతే ఈ మాట మరీ వర్తిస్తుంది. మన వాచకాల పద్ధతిలో పిల్లలు ముందు ఒక్కొక్కరుగా రాస్తారు, తర్వాత గుంపులో కలిపి ఒకటి తయారుచేస్తారు, టీచర్ తన రాత చూపిస్తారు, ఆ పైన ఒక గుంపు రాసింది బోర్డు మీద పెట్టి అందరూ సరిదిద్దుతారు. ముందు భావం, తర్వాత తగ్గిన మాటలూ ఎక్కువైన మాటలూ, తర్వాత క్రియారూపాలు, చివరికి స్పెల్లింగూ విరామచిహ్నాలూ. ఈ వరస తప్పి ట్రెయినీ ఎర్ర సుద్ద పట్టుకుని స్పెల్లింగ్‌తో మొదలుపెడితే, ఆ గుంపు పిల్లలు మళ్లీ బోర్డు దగ్గరికి రమ్మంటే రారు. రాయడానికి ఒక పీరియడ్, దిద్దడానికి ఇంకొకటి కావాలి. పీరియడ్ ప్లాన్ రికార్డేమో ప్రతి పాఠం 45 నిమిషాల్లో మొదలై, ముగిసి, మూల్యాంకనం కూడా అయిపోవాలంటుంది. అందుకే ఎడిటింగ్ ఎవరూ చేయరు. మొత్తం యూనిట్ అప్పగించమని అడగడానికి మాకున్న కారణాల్లో ఇదే పెద్దది.

రికార్డుల గురించి చెప్పక తప్పదు. పరిశీలన రికార్డు, రెండు మెథడాలజీల పాఠ్యప్రణాళికలు, కేస్ స్టడీ, యాక్షన్ రీసెర్చ్, పరీక్షల విశ్లేషణ. ట్రెయినీ లీజర్ పీరియడ్లన్నీ స్కెచ్ పెన్నులతో గీతలు కొట్టడానికే సరిపోతాయి. పాఠం చెప్పకముందే ‘పిల్లలు ఉత్సాహంగా స్పందించారు’ అని రాసిన పేజీలు మేం చూశాం. రాసి ఇచ్చే వాళ్లూ ఉన్నారు, జిరాక్స్ సెంటర్లలో తయారు సరుకూ దొరుకుతుంది. వీటి బదులు ఒక యూనిట్ ప్లాన్, రోజువారీ పీరియడ్ ప్లాన్ ఒక్కో పేజీ, పాఠం అయ్యాక అదే పేజీ వెనక ‘ఎక్కడ తప్పింది, రేపు ఏం మారుస్తాను’ అని పది పంక్తులు, పది మంది పిల్లల నోట్సులు దిద్దిన జిరాక్సులు అడగండి. వీటిని కొనుక్కోవడం కుదరదు. చివరి ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ కూడా పావుగంట పాఠం చూసి మార్కులు వేయడం కన్నా, ఆ పది నోట్సులు ముందు పెట్టుకుని ‘ఈ తప్పును ఎందుకు వదిలేశావు?’ అని అడిగితే ట్రెయినీ లోతు అయిదు నిమిషాల్లో తేలుతుంది.

మెంటర్, అంటే ట్రెయినీకి దారి చూపాల్సిన బడి టీచర్, సంగతి మరీ దారుణం. ట్రెయినీ వస్తే తమకు విశ్రాంతి దొరికిందని టీచర్లు అనుకుంటారన్నది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ట్రెయినీ తరగతిలో ఉన్న పీరియడ్‌కే ఆ టీచర్‌ను లీవులో ఉన్నవాళ్ల క్లాసుకో, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించడానికో పంపుతారు. వెనక కూర్చుని చూసే మనిషే ఉండరు. ట్రెయినీలను కూడా వచ్చిన రెండో రోజే ఖాళీ తరగతుల్లోకి తోస్తారు, పిల్లలను కూర్చోబెట్టడానికి. ఖాళీ పోస్టులున్న చోట హెచ్‌ఎంను తప్పుపట్టలేం, కానీ మొదటి నాలుగు వారాలైనా ఈ పని చెప్పకూడదని ఉత్తర్వు ఉండాలి. ఒక్కో ఇంగ్లిష్ టీచర్‌కు ఇద్దరు ట్రెయినీలకు మించి ఇవ్వకూడదు. వారానికి రెండు పీరియడ్లు, ఒకటి చూడటానికి, ఒకటి కూర్చుని మాట్లాడటానికి, టైమ్‌టేబుల్లోనే మెంటర్ పేరు మీద రాయాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచర్‌కూ ఏడాదికి 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంది. మెంటర్ గంటలను అందులో కలిపితే సర్కారుకు పైసా ఖర్చు లేదు.

కాలేజీ గడప తొక్కకుండా బీఎడ్ పూర్తిచేసేవాళ్ల సంగతి తమకు తెలియనిది కాదు. బడిలో టీచర్లకున్న ముఖ గుర్తింపు హాజరునే ట్రెయినీలకూ పెట్టండి. 90 శాతం నిబంధన తనంతట తానే అమలవుతుంది. ఇంకో చిన్న మాట. మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం పుణ్యమా అని అమ్మాయిలకు బస్సు ఖర్చు లేదు. అబ్బాయిలకు జిల్లాల్లో విద్యార్థి పాస్ ఇంటి నుంచి కాలేజీ దాకానే చెల్లుతుంది, కేటాయించిన బడి వేరే దారిలో ఉంటుంది. ఆ 16 వారాలకు పాస్‌ను బడి రూటుకు మార్చమని ఆర్టీసీకి ఒక లేఖ రాస్తే సరిపోతుంది.

బడి కేటాయింపు డీఈఓల చేతిలో, మార్కులూ రికార్డులూ విశ్వవిద్యాలయాల చేతిలో, కౌన్సెలింగ్ ఉన్నత విద్యామండలి చేతిలో ఉన్నాయి. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపిస్తున్నారు. ముగ్గురినీ ఒక చోట కూర్చోబెట్టగలిగింది తమరొక్కరే. రాబోయే జూన్ 12కు రాష్ట్రమంతా కుదరకపోతే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ ఐఏఎస్‌ఈ (ప్రభుత్వ బీఎడ్ కాలేజీ), వరంగల్, మహబూబ్‌నగర్, నాగార్జునసాగర్‌లలోని ప్రభుత్వ కాలేజీల ఇంగ్లిష్ ట్రెయినీలతో మొదలుపెట్టండి. ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్లు, మెథడాలజీ లెక్చరర్లు కొందరు