టింబక్టూ ఏం పాపం చేసింది?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో గతుకుల రోడ్ల మీద వచ్చిన వ్యంగ్య వ్యాసం చదివి బాగా నవ్వుకున్నాను. కానీ 'ఈ రోడ్డున పోతే టింబక్టూ తేలతాం' అన్న వాక్యం మాత్రం మింగుడుపడలేదు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసినవాణ్ని. పుస్తకాలతో బతికిన ఊరిని దిక్కూమొక్కూ లేని చోటు కింద జమకడితే ఎలా?

ఆ ఊరు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో ఉంది. సహారా అంచున, నైజర్ నదికి దగ్గర్లో. ఎడారి గనుల నుంచి ఉప్పు పలకలు ఒంటెల మీద వచ్చేవి, దక్షిణాది నుంచి బంగారం వచ్చేది. 1324లో హజ్ యాత్ర చేసిన మాలి చక్రవర్తి మాన్సా మూసా తిరిగొచ్చాక కట్టించిన మట్టి మసీదు జింగరేబెర్ ఇప్పటికీ నిలిచే ఉంది. సంకోరే మసీదు పరిసరాల్లో గురువుల ఇళ్లే బడులు. ఖురాన్, ధర్మశాస్త్రం, వ్యాకరణం, ఖగోళం అన్నీ చెప్పేవారు. 16వ శతాబ్దంలో లియో ఆఫ్రికానస్ అనే యాత్రికుడు, అక్కడ ఏ సరుకు మీదా రానంత లాభం పుస్తకాల మీద వస్తుందని రాశాడు. మా ఊరి పుస్తకాల షాపాయనకు ఈ మాట చెబితే నన్ను ఎగాదిగా చూశాడు!

1591లో మొరాకో సైన్యం వచ్చిపడింది. తర్వాత రెండు మూడేళ్లకే పండితుడు అహ్మద్ బాబాను బంధించి మరాకేష్‌కు తీసుకుపోయారు. తనవి 1600 పుస్తకాలు పోయాయని, తమవాళ్లందరిలో తనదే చిన్న లైబ్రరీ అని ఆయన వాపోయాడట.

మిగిలినవాటిలో చాలా భాగం ఇళ్లలో, పెట్టెల్లో, తాతల నుంచి మనవలకు చేరుతూ బతికాయి. 2012లో సాయుధ ముఠాలు ఊరిని ఆక్రమించి సూఫీల సమాధులు కూలగొట్టాయి. అప్పుడు అక్కడి కుటుంబాలు, లైబ్రరీల వాళ్లు రాతప్రతులను రేకు పెట్టెల్లో సర్ది, గాడిద బళ్ల మీద, జీపుల్లో, పడవల్లో రాజధాని బమాకోకు గుట్టుగా దాటించారు. 2013 జనవరిలో ముఠాలు పారిపోతూ చేతికి దొరికిన సుమారు 4 వేల ప్రతులను తగలబెట్టాయి. దాటించినవి మాత్రం లక్షల్లోనే ఉన్నాయి. సమాధులు కూల్చిన కేసులో ఒకడికి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్ల శిక్ష వేసింది.

వీలైతే ఆ రాతప్రతుల ఫొటోలతో ఆదివారం ఒక పేజీ వెయ్యండి. ఇక మారుమూల అని రాయాల్సి వస్తే, కాకులు దూరని కారడవి మనకు ఉండనే ఉంది.

– ఒక రిటైర్డ్ లైబ్రేరియన్, తెనాలి