హాస్టల్ పిల్లల మాట విన్నవాళ్లందరికీ మా దండాలు

పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు నుంచి ఇంటర్ చదవడానికి హనుమకొండ వచ్చిన పిల్లల కోసం ఆదివారం ఆదివారం రెండు గంటలు కూర్చుని, వాళ్ల ముచ్చట విన్న పెద్దలకు కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు. అందుకే మీరు చేసిన పనులు చెప్పి దండం పెట్టుకుంటున్నాం.

ముందుగా గది ఇచ్చిన పెద్దమ్మకు. ఎదురెదురు కుర్చీలేస్తే పిల్లలకు ఇంటర్వ్యూలో కూర్చున్నట్టుంటుందని చాప పరిచి, పక్కపక్కన కూర్చోబెట్టింది. మధ్యలో ఒక పళ్లెం పల్లికాయ. చేతులు ఒలుస్తుంటాయి, చూపు పళ్లెం మీద ఉంటుంది. మొదటి పది నిమిషాలు ఎవరూ ఏమీ అడగరు. పొట్టు కుప్ప పెరుగుతుంటే మాట దానంతటదే బయటికొస్తుంది. తలుపు ఓరగా తీసే ఉంచాలన్నది కూడా పెద్దమ్మ మాటే. లోపలి మాట బయటికి వినపడొద్దు, లోపలున్న మనుషులు మాత్రం బయటికి కనపడాలి.

దోస్తుల లొల్లి తీర్చిన రిటైర్డ్ సారుకు ఎంత చెప్పినా తక్కువే. మనం మామూలుగా ఇద్దరినీ పిలిచి "చేతులు కలపండి, అయిపోయింది పో" అంటాం. పెద్దల ముందు కలుపుతారు, రాత్రికి మెస్‌లో మళ్లీ వేరే వేరే బల్లల మీద కూర్చుంటారు. సారు ముందు ఒక్కొక్కరితో పావుగంట విడిగా కూర్చున్నారు. "ఎందుకు మాట్లాడ్తలేవ్?" అని అడగలేదు, అట్లా అడిగితే నేరం మోపినట్టే వినపడుతుంది. "ఎప్పటి నుంచి మాట్లాడ్తలేరు బిడ్డా?" అని అడిగారు. తారీఖు గుర్తు చేసుకుంటే ఆ రోజు జరిగింది కూడా చెప్తారు. తర్వాత మూడు ముక్కలు రాయించారు: ఏం జరిగింది, ఏది బాధ పెట్టింది, ఇప్పుడు ఏం కావాలి. ఆ తర్వాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది రెండోవారు తమ మాటల్లో తిరిగి చెప్పాకే జవాబివ్వాలన్నారు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారన్న గొడవలు చాలా వరకు ఇక్కడే చల్లారాయి. కలవడం ఇష్టం లేదన్నవాళ్లను సారు బలవంతపెట్టలేదు. ఒకరి గురించి ఒకరు బయట మాట్లాడకుంటే చాలన్నారు.

వార్డెన్ అక్కకు ప్రత్యేకంగా. ఇంటి ఫోన్ రాగానే "మార్కులెన్ని?" అనే మాట మొదట రావద్దని తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ నచ్చజెప్పింది. ముందు తిండి, నిద్ర, తర్వాత ఇంటి కబుర్లు: పత్తి ఏరుడు అయ్యిందా, బర్రె ఈనిందా. చదువు చివర్లో. మూడు నిమిషాల ఫోన్‌లో ఆ వరుస మారితేనే పిల్లల గొంతు మారుతుంది. మొటిమలను, గొంతు మారడాన్ని ఎగతాళి చేసే బాబాయిలకు కూడా అక్క గట్టిగానే చెప్పింది, మంచి పని చేసింది.

ఇక నర్సు అమ్మకు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయొద్దని మాకు నేర్పింది ఆమే. "నీ ప్రాణానికి, ఒంటికి హాని ఉంటే తప్ప చెప్పను" అని మొదటే అనాలి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, ఒట్టు అడ్డం రాకూడదు. చదువు మధ్యలో పెళ్లి పెట్టుకున్నారని ఆడపిల్ల చెప్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. రెండు వారాలుగా నిద్ర లేకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకున్నా నడుస్తది" అనడం కనిపిస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది భయమే తప్ప నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, చేతికందే పురుగుల మందు డబ్బాలు, మాత్రలు తీసెయ్యాలి, పక్కన కూర్చునే 14416 కలపాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది, మనసు బాగాలేనివాళ్లకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నర్సమ్మ ఈ రెండు నంబర్లు అట్టముక్కల మీద పెద్దక్షరాలతో రాసి, ఒకటి మెస్ గోడకు, ఒకటి బాత్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించింది. అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు కదా.

పల్లికాయ ఊరి నుంచి పంపిన రైతన్నలకు, చీకటి పడితే పిల్లలను హాస్టల్ గేటు దాకా దింపిన ఆటో అన్నకు కూడా మా దండాలు. దసరా సెలవులయ్యాక వచ్చే మొదటి ఆదివారం 4 గంటలకు గది మళ్లీ తెరుస్తాం. తాళం పెద్దమ్మ దగ్గరే ఉంది.