పేరు తెలియని ఆ సహాయకులకు నా కృతజ్ఞతలు

మా అమ్మమ్మ కంటే ముందు వాళ్ల అమ్మకు ఒక బిడ్డ పుట్టి పోయిందన్న మాట తప్ప, ఆ బిడ్డ ఆడో మగో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పదేళ్లకొకసారి జరిగే రెండు జనాభా లెక్కల నడుమ పుట్టి, ఆ నడుమనే కన్నుమూసిన పసివారి జాడ ఆ లెక్కల్లో ఉండదు కనుక, చాలాకాలం వెతికి ఆశ వదులుకున్నాను.

ఆ రోజు పాత రికార్డుల గదిలో పక్క బల్ల దగ్గర కూర్చున్న మీరు, మీ పని ఆపుకొని, మరణాల రిజిస్టరును మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డను తండ్రి పేరుతో 'ఆడశిశువు' అని మాత్రమే రాసి ఉండవచ్చనీ, వయసు గడిలోని అంకె రోజులనా, నెలలనా, ఏళ్లనా సూచిస్తున్నదో జాగ్రత్తగా చూడాలనీ ఓపికగా వివరించారు. పదకొండేళ్ల పిల్ల అనుకొని నేను అంతకుముందే దాటేసిన వరుస ఆమెదే. అవి 11 రోజులు! మరణించిన తేదీ నుంచి వెనక్కి లెక్కించి జననాల రిజిస్టరు తెరిస్తే, అదే తల్లిదండ్రుల పేర్లతో, పేరు గడి ఖాళీగా, ఆమె జననం కూడా నమోదై ఉంది.

కళ్లు చెమర్చి తలెత్తేసరికి మీరు వెళ్లిపోయారు. మీ పేరైనా అడగలేదన్న బాధ నన్ను వీడలేదు. మా వంశవృక్షంలో ఇప్పుడు అమ్మమ్మ పేరుకు ముందు వాళ్ల అక్కకు చోటుంది, రెండు తేదీలతో సహా. అందుకు మీకు మా కుటుంబమంతా మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాము.