మా నగల్లో ఏ లోహం ఉందో, ఏది మానేస్తున్నామో

మా దగ్గర నగలు కొన్న అందరికీ నమస్కారం.

ఒడిశాలో చేసుకునే రజ పండుగకు ముందు, అంటే మే, జూన్ నెలల్లో, మా దగ్గర కొన్న కొన్ని నగల్లోనూ, ఆరేళ్ళుగా అమ్ముతున్న మరికొన్నింటిలోనూ లోపాలు బయటపడ్డాయి. ఆ లోపాల్లో ఒకటి నాకు తప్పుడు సరుకు అంటగట్టడం వల్ల వచ్చింది. మరొకటి, ఇంకా పెద్దది, పూర్తిగా నా తెలియనితనం వల్ల వచ్చింది. రెండింటినీ దాచకుండా మీ ముందు పెట్టి, ఏ వస్తువులు వెనక్కి తీసుకుంటానో, ఏవి ఇకపై చేయనో, ధరలు ఎందుకు పెరుగుతున్నాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈమధ్యే మా దగ్గర కొనడం మొదలుపెట్టిన వారి కోసం మా పని గురించి కొంచెం చెప్పాలి. ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి ముందుగదే మా కార్ఖానా. నాన్నగారికి మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణం ఉండేది. అక్కడ మిగిలిపోయిన రాగి తీగ ముక్కలను పెన్సిలు చుట్టూ చుట్టి ఉంగరాలు చేసుకోవడంతో నాకు ఈ పని అబ్బింది. ఇప్పుడు ఆ తీగను వాడను. వైండింగ్ తీగ మీద వార్నిషు పూత ఉంటుంది, దాన్ని కాల్చి తీయాలంటే వచ్చే పొగ మంచిది కాదు. అందుకని పూత లేని రాగి తీగ, ఇత్తడి తీగ, నట్లు, వాషర్లు, బంతి గొలుసు వంటివన్నీ హార్డువేర్ దుకాణాల్లో తూకం లెక్కన కొని, వాటికి మా ఊరి పట్టు మగ్గాల దగ్గర చీర కోసిన తర్వాత మిగిలే పడుగు కొసలను జడలా అల్లి కలుపుతాను. వంద, రెండు వందల రూపాయలకే చేతితో చేసిన నగ ఇవ్వగలిగానంటే కారణం అదే.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది రాగి కడియం. అది ఎలా తయారవుతుందో చెబితే తర్వాత వచ్చే లోహాల సంగతి కూడా సులువుగా అర్థమవుతుంది. ఇళ్ళకు ఎర్తింగ్ వేయడానికి వాడే 8 నంబరు తీగ సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని జానెడు పైచిలుకు ముక్కగా కోసి, మంట మీద మందమైన ఎరుపు రంగు వచ్చేదాకా కాల్చి, వెంటనే నీళ్ళలో ముంచుతాను. ఉక్కును ఇలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడి చేతితో వంచితే వంగుతుంది. ఆ తర్వాత దాకలి మీద పెట్టి, గుండ్రని తల ఉన్న సుత్తితో ఒక కొస నుంచి మరో కొసకు దగ్గర దగ్గరగా దెబ్బలు వేసుకుంటూ పోవాలి. ప్రతి దెబ్బకూ లోహం కొంచెం కొంచెం గట్టిపడుతుంది, సగానికి వచ్చేసరికి సుత్తి శబ్దమే మారుతుంది. ఆ శబ్దం విని, ఇంకోసారి కాల్చాలా వద్దా అని నిర్ణయించుకుంటాను. కొసలను ఆకురాయితో అరగదీసి, తర్వాత నీటిలో తడిపిన ఎమెరీ కాగితంతో రుద్ది, బుగ్గ మీద రాసుకుని చూస్తాను. బుగ్గకు గీసుకోకపోతే మీ మణికట్టుకూ గీసుకోదు. ఈ కడియాల్లో రాగి తప్ప మరేమీ లేదు, వీటి మీద ఏ ఫిర్యాదూ రాలేదు.

ఫిర్యాదు వచ్చింది వాషర్ల లోలాకుల మీద. రజ పండుగకు ఆర్డర్లు ఎక్కువగా ఉండడంతో, ఎప్పుడూ కొనే దుకాణంలో ఇత్తడి వాషర్లు లేవంటే మరో చోట కొన్నాను. ఇత్తడివేనని చెప్పి, ఇత్తడి ధరే తీసుకున్నారు. బంగారు ఛాయలో, కొంచెం ఆకుపచ్చ, గులాబీ మెరుపులతో ఎంతో ముచ్చటగా ఉన్నాయి. ఆ మెరుపులు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది, ఎందుకంటే ఇత్తడికి అన్ని రంగులు ఉండవు. జూలైలో వానలు పడగానే ఛత్రపురం నుంచి కాలేజీలో చదివే ఒక అమ్మాయి ఫోటో పంపింది. "అక్కా, లోలాకుల నుంచి ఎర్రటి పొడి రాలుతోంది, తెల్ల చున్నీకి తుప్పు మరక పడింది" అని రాసింది. మిగిలి ఉన్న వాషర్ల డబ్బా తీసి అయస్కాంతం దగ్గర పెడితే అన్నీ గుత్తిగా అంటుకుని పైకి లేచాయి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు. అవి ఇనుప వాషర్లు. ఇనుము మీద జింకు పూత వేసి, తుప్పు పట్టకుండా క్రోమేటు ద్రావణంలో ముంచితే ఆ పసుపు మెరుపు వస్తుంది. బోల్టులకు అది మంచి పూతే, కానీ ఆ పసుపు పూతలో సాధారణంగా ఉండే హెక్సావలెంట్ క్రోమియం కొందరి చర్మానికి పడదు, దద్దురు తెస్తుంది. పైగా రంధ్రం వేసేటప్పుడు, అంచులు అరగదీసేటప్పుడు పూతను నేనే చెరిపేశాను కాబట్టి తుప్పు పట్టడానికి దారి కూడా నేనే వేశాను.

సరుకు అమ్మినవారు అబద్ధం చెప్పారన్నది నిజమే, కానీ మీకు అమ్మింది వారు కాదు, నేను. అర నిమిషం అయస్కాంతం పెట్టి చూసి ఉంటే ఇది జరిగేది కాదు. మే, జూన్ నెలల్లో వెళ్ళిన వాషర్ల లోలాకులు మొత్తం 34 జతలు. అవి ఎవరి దగ్గర ఉన్నా పెట్టుకోవడం ఆపేయండి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం ఉంటే దానితో పరీక్షించండి. అంటుకుంటే నాకు తెలియజేయండి, వెనక్కి పంపనవసరం లేకుండానే డబ్బు తిరిగి ఇస్తాను. ఛత్రపురం అమ్మాయికి చున్నీ ఖరీదు కూడా ఇచ్చాను.

ఇప్పుడు రెండో సంగతి. ఇది రాయడం నాకు మరింత కష్టంగా ఉంది.

మా దగ్గర అన్నింటికంటే ఎక్కువగా అమ్ముడయ్యేది నట్ల బ్రాస్‌లెట్. పట్టు దారాన్ని మూడు పాయల జడగా అల్లుతూ, ఒక్కో మెలికకూ ఒక ఇత్తడి నట్టు గుచ్చుతాను. పెద్దవాళ్ళకు నాలుగు మిల్లీమీటర్ల నట్టు, పిల్లలకు మూడు మిల్లీమీటర్ల నట్టు వాడేదాన్ని. వాషర్ల వ్యవహారం తర్వాత నా దగ్గర ఉన్న ప్రతి లోహాన్నీ పరీక్షించాలని పట్టుబట్టి, మా వీధిలో లేతు పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు నట్లు తీసుకువెళ్ళి, ఇవి నిజమైన ఇత్తడేనా అని అడిగాను. ఆయన ఒక నట్టును వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇత్తడేనమ్మా, కానీ ఇది లేతు ఇత్తడి, ఇందులో సీసం ఉంటుంది. సీసం లేకపోతే ఇత్తడి పొడవాటి చుట్టలు చుట్టలుగా లేచి పనిముట్టుకు చుట్టుకుంటుంది. రెండు మూడు పాళ్ళు సీసం పడితే పొడిపొడిగా రాలి, మర శుభ్రంగా పడుతుంది" అన్నారు. నలభై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన సంగతి, ఆరేళ్ళుగా ఆ నట్లతో నగలు చేస్తున్న నాకు తెలియలేదు.

మరునాడు బంగారం పరీక్షించే దుకాణానికి వెళ్ళి, వారి యంత్రం కింద నట్టు పెట్టించాను. తెర మీద మొదటి వరుసలో రాగి, రెండో వరుసలో జింకు, మూడో వరుసలో సీసం వచ్చాయి. సీసం నూటికి రెండు పైన ఉంది. నట్లు, కుళాయి భాగాలు వంటివి లేతు మీద చేసే ఇత్తడిలో సాధారణంగా ఉండే పాలే అది, కల్తీ ఏమీ కాదు. నట్టు బిగించడానికి ఆ ఇత్తడి సరైనదే, పసిపిల్ల చేతికి మాత్రం కాదు. అమెరికాలో పిల్లల వస్తువుల్లో సీసం పది లక్షల పాళ్ళలో వంద మించకూడదని చట్టం ఉంది. నూటికి రెండంటే పది లక్షల్లో ఇరవై వేలు, అంటే ఆ హద్దుకు రెండు వందల రెట్లు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతికి తగిలినంత మాత్రాన లోహంలోని సీసం పెద్దగా ఒంట్లోకి వెళ్ళదు, కానీ చిన్నపిల్లలు చేతికి ఉన్నది నోట్లో పెట్టుకుంటారు, చప్పరిస్తారు, ఒక్కోసారి మింగుతారు కూడా.

అందువల్ల పిల్లల నట్ల బ్రాస్‌లెట్లు కొన్న ప్రతి ఒక్కరినీ నేను వేడుకుంటున్నాను. ఈరోజే తీసేయండి. ఏ సంవత్సరంలో కొన్నా, రంగు వెలిసినా, తెగిపోయినా పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను. చప్పరించే అలవాటు ఉన్న పిల్ల అయితే డాక్టరుతో ఒక్క మాట చెప్పండి, సీసం ఎంతుందో రక్తపరీక్షలో తెలుస్తుంది, ఆ పరీక్ష ఖర్చు నాది. నా పుస్తకంలో చిరునామాలు ఉన్న వారందరికీ వారం రోజులుగా విడివిడిగా ఫోన్ చేస్తున్నాను. సంతలో చేతికి కొనుక్కుని వెళ్ళినవారి వివరాలు నా దగ్గర లేవు. ఇది చదివినవారు తమకు తెలిసినవారికి చెబితే నాకు ఎంతో సాయం చేసినవారవుతారు.

పెద్దవాళ్ళ బ్రాస్‌లెట్లకూ ఇక ఆ నట్లు వాడను. పెద్దవాళ్ళు వేసుకుంటే ప్రమాదం తక్కువే, అయినా ఇంట్లో పసిపిల్లను ఎత్తుకునేదీ ఆ చేతులే. వాటికి బదులు ఇత్తడి తీగను సన్నని ఊచకు చుట్టి, కోసి, చిన్న చిన్న చుట్టపూసలు చేస్తున్నాను. తీగ లాగడానికి పనికొచ్చే ఇత్తడిలో సాధారణంగా సీసం వేయరు, ఎందుకంటే సీసం ఉంటే లాగేటప్పుడు తెగిపోయే అవకాశం ఎక్కువ. నా దగ్గర ఉన్న తీగ చుట్టను కూడా అదే యంత్రం కింద పెట్టించి చూసుకున్నాను, సీసం కనిపించలేదు. నట్టుకు ఉండే ఆరు పలకల మెరుపు చుట్టపూసకు రాదు, ఆ అందం పోయిందని నాకూ బాధగానే ఉంది. అదే ఆకారం కావాలనుకునే పెద్దవాళ్ళకు స్టెయిన్‌లెస్ స్టీలు నట్లతో చేసి ఇస్తాను, కానీ ఆ రంగు వెండిలా ఉంటుంది.

చెవి కొక్కేల గురించి కూడా ఒక మాట. ఇంతవరకు నికెల్ పూత పూసిన ఇనుప కొక్కేలు వాడాను, పాతిక జతలు కొద్దిపాటి డబ్బుకే వచ్చేవి. నికెల్ పడని వారికి చెవి తమ్మె ఎర్రబడి, దురద పెట్టి, రసి కారుతుంది. ఈ అయిదారేళ్ళలో నలుగురైదుగురు ఆ మాట చెప్పినా, చెవి పచ్చిగా ఉండి ఉంటుందని తేలిగ్గా తీసుకున్నాను, వారికి క్షమాపణ చెబుతున్నాను. ఇకపై కొక్కేలు 92.5 వెండి తీగతో మా ఊరి కంసాలి గారి దగ్గరే చేయిస్తాను. పాత లోలాకులు తెస్తే కొక్కేలు ఉచితంగా మారుస్తాను.

రాగి, ఇత్తడి చర్మం మీద పచ్చని మరక వేస్తే మాత్రం కంగారు పడకండి. అది చెమటకు రాగి మీద పట్టే చిలుము, సబ్బుతో కడిగితే పోతుంది. గోపాలపురం వైపు సముద్రం దగ్గర ఉండేవారికి ఉప్పుగాలి వల్ల ఇది త్వరగా వస్తుంది. చింతపండు గుజ్జుతో రెండు నిమిషాలు రుద్ది, బాగా కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. పట్టు దారం ఉన్నవాటికి చింతపండు తగలనివ్వకండి, రంగు పోతుంది. పెట్టెలో ఒక సుద్దముక్క వేసి ఉంచితే తేమ పీల్చుకుంటుంది.

ఇక ధరలు. లోలాకులు జత 120 రూపాయలు ఉండేవి, వెండి కొక్కేలతో 260 అవుతాయి. బ్రాస్‌లెట్ 150 నుంచి 210 అవుతుంది, ఎందుకంటే నట్లు చేతికి సిద్ధంగా వచ్చేవి, చుట్టపూసలు ఒక్కొక్కటీ కోసి అరగదీయాలి. కడియం ధర మారదు. తిరిగి ఇస్తున్న డబ్బును ఈ పెంపులో రాబట్టడం లేదు, దానికి దసరా కోసం దాచిన పెట్టుబడి వాడుతున్నాను, కాబట్టి ఈ దసరాకు కొత్త నమూనాలు ఉండవు. ఇంతకు ముందు ఒప్పుకున్న ఆర్డర్లు పాత ధరకే, కొత్త కొక్కేలతో పంపుతాను.

ప్రతి పెట్టెలోనూ ఇకపై ఒక చిన్న కాగితం ఉంటుంది. ఏ భాగం ఏ లోహమో, ఎప్పుడు కొన్న సరుకో, అయస్కాంతంతో చూశామో లేదో, యంత్రం కింద పెట్టించామో లేదో అందులో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంటుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగు ఇళ్ళలో మాదీ ఒకటి, మా కొనుగోలుదారుల్లో సగం మంది ఒడియావారే, అందుకే రెండు భాషలు.

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి నిన్న ఫోన్ చేశారు. డబ్బు వద్దన్నారు. పాపకు ఆ బ్రాస్‌లెట్ అంటే ప్రాణమని, తీసేస్తే రాత్రంతా ఏడ్చిందని, లోహమే లేకుండా ఏదైనా చేసి ఇవ్వగలవా అని అడిగారు. పాప పిడికిలి చుట్టూ తిప్పి ముడి వేసిన దారాన్ని కవరులో పెట్టి పోస్టు చేశారు, అది ఈ ఉదయం అందింది. పదమూడు సెంటీమీటర్లు ఉంది. రంగు వేయని చెక్క పూసలు, కుంకుమ రంగు పట్టు దారం తీసి పెట్టాను. పూస ఊడి నోట్లోకి పోకుండా ఒక్కో పూసకు అటూ ఇటూ ముడి వేస్తున్నాను, అందుకని కొంచెం ఆలస్యమవుతోంది. ఎల్లుండి స్పీడ్ పోస్టులో వెళ్తుంది.