డిటెక్టర్ నమూనా రాసేవారికీ గుర్తింపు కావాలి

సంపాదక మహాశయా,

కణ భౌతికశాస్త్ర ప్రయోగాలపై వార్త వచ్చినప్పుడల్లా భారీ యంత్రాల ఫొటోలు, సిద్ధాంతకర్తల పేర్లు చూస్తుంటాం. ఆ యంత్రాన్ని కంప్యూటర్‌లో మళ్లీ కట్టినవారి ఊసు దాదాపు ఉండదు. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో కణాల జాడలను నమోదు చేసే అట్లాస్ డిటెక్టర్ పొడవు 46 మీటర్లు, బరువు సుమారు 7,000 టన్నులు. అందులోని సెన్సర్లు, అయస్కాంతాలు, చట్రాలు, శీతలీకరణ గొట్టాలు ఏ ఆకారంలో, ఏ పదార్థంతో, ఎక్కడ ఉన్నాయో ప్రోగ్రాంలో రాసిపెడితే తప్ప, ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు వెలువడే కణాలు వాటి గుండా ఎలా సాగిపోతాయో లెక్కగట్టలేము.

ఇందుకు ప్రధానంగా వాడే సాఫ్ట్‌వేర్ జియాంట్‌4. ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న పాత జియాంట్ స్థానంలో, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఇది 1998లో తొలిసారి విడుదలైంది. ఒక ఘనరూపంలో మరొకదాన్ని అమర్చుకుంటూ పోవడమే పద్ధతి. అయితే పక్కపక్కన ఉండాల్సిన రెండు భాగాలు వెంట్రుకవాసి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినా, అక్కడ కణం సిలికాన్‌లో ఉన్నదో రాగిలో ఉన్నదో ప్రోగ్రాం తేల్చుకోలేదు. కణం ఎటునుంచి వచ్చిందన్నదాన్ని బట్టి జవాబు మారిపోవచ్చు. ఈ చొరబాట్లను పట్టే పరీక్ష జియాంట్‌4లోనే ఉంది గానీ, అది భాగం ఉపరితలంపై యాదృచ్ఛికంగా ఎంచుకున్న బిందువులనే, మామూలుగా 1,000 మాత్రమే, చూస్తుంది కాబట్టి చిన్న దోషం తప్పించుకోగలదు. పరీక్ష నెగ్గిందని నిశ్చింతగా ఉండేవారు ఈ పనికి తగరు.

అంతకన్నా ప్రమాదం, రాయకుండా వదిలేసిన పదార్థం. కణాలు సాగిన దారిని గుర్తించే ట్రాకర్ అనే భాగంలో కేబుళ్లను తక్కువగా చూపితే, ఫోటాన్లు (కాంతి కణాలు) ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారే సంఖ్య లెక్కలో తగ్గుతుంది. ప్రోగ్రాం మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వదు. 2012లో హిగ్స్ బోసాన్ అనే కణం ఆచూకీ తెలిపిన ప్రధాన మార్గాల్లో రెండు ఫోటాన్లుగా విచ్ఛిన్నం కావడం ఒకటని గుర్తుచేసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. అందుకే అసలు డేటాలో ఆ జంటలు ఎక్కడెక్కడ పుట్టాయో పరిశీలించి, దాన్నిబట్టి నమూనాను సరిదిద్దుతారు. కొలతలోని అనిశ్చితిని ఇంతగా శాసించే పనిని ఉత్త ప్రోగ్రామింగ్ అని పక్కన పెట్టడం అన్యాయం.

డిటెక్టర్లు దశాబ్దాలపాటు పనిచేస్తాయి, మధ్యలో భాగాలు మారుతుంటాయి. నమూనా రాసిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే ఆ కోడ్‌ను అర్థం చేసుకునేవారే కరవవుతారు. కనుక పరిశోధన సంస్థలు ఈ పనికి శాశ్వత ఉద్యోగాలు కల్పించాలి, నియామకాల్లో, పదోన్నతుల్లో దీన్ని పరిశోధన పత్రాలతో సమానంగా లెక్కించాలి. మీ పత్రిక కూడా ఈసారి ఇలాంటి ఫలితాన్ని వార్తగా ఇచ్చేటప్పుడు ఆ నమూనా రాసినవారితో ఒకసారి మాట్లాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు